పేరు తేలేదాకా ఆగాలా? పిల్లల్లో నాడీ వికాస రుగ్మతలపై ఒక విశ్లేషణ

భారతదేశంలో రెండు నుంచి తొమ్మిదేళ్ల వయసు పిల్లల్లో నాడీ వికాస రుగ్మతలు ఎంతమందికి ఉన్నాయన్న ప్రశ్నకు, ఆస్పత్రి రికార్డులతో సరిపెట్టుకోకుండా నేరుగా జనంలోకి వెళ్లి జవాబు వెతికిన పెద్ద అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. హర్యానాలోని పల్వల్, హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్రా, ఒడిశాలోని ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో మొత్తం 3,964 మంది పిల్లలను పరీక్షించారు. ఐదు చోట్లా కలిపి చూస్తే ఆరేళ్ల లోపువారిలో 9.2 శాతం మందికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారిలో 13.6 శాతం మందికి ఏదో ఒక రుగ్మత ఉన్నట్టు తేలింది. దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి అన్నమాట. ఆ నివేదికలో అంతగా ప్రచారంలోకి రాని అంకె మరొకటి ఉంది. ఇలా గుర్తించిన పిల్లల్లో సుమారు ఐదో వంతు మందికి ఒకటికి మించిన రుగ్మతలు ఉన్నాయి.

ఈ రెండో అంకె మీద కాస్త నిలబడి ఆలోచించాలి. మన ఆస్పత్రులు, బడులు, ధ్రువపత్రాలు అన్నీ ఒక బిడ్డకు ఒక జబ్బు, ఆ జబ్బుకు ఒక పేరు అన్న లెక్కతోనే నడుస్తాయి. తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేదీ "ఇంతకీ మా బాబుకు ఉన్నదేమిటి?" అనే. ప్రశ్న సహజమైనదే. అయితే ఆ ప్రశ్నకు జవాబు తేలేవరకు మిగతా పనులన్నీ పక్కన పెట్టడం వల్లే ఈ రంగంలో ఎక్కువ నష్టం జరుగుతోంది. పేరు తేలడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. ఆలోగా బిడ్డ ఎదుగుదలలో ముఖ్యమైన కాలం గడిచిపోతుంది.

మెదడు రూపుదిద్దుకునే క్రమంలోనే తలెత్తే తేడాల వల్ల మాట, నడక, ఏకాగ్రత, చదువు, నలుగురితో మెలగడం వంటి వాటిలో బిడ్డ వయసుకు తగిన స్థాయిని అందుకోలేకపోవడాన్ని నాడీ వికాస రుగ్మత అంటారు. పెద్దయ్యాక దెబ్బ తగిలి మాట పడిపోవడం వేరు, అసలు మాట వచ్చే దారిలోనే ఇబ్బంది ఉండటం వేరు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ గ్రంథం ఈ శీర్షిక కింద బుద్ధిమాంద్యం, భాషా సంభాషణ లోపాలు, ఆటిజం (నలుగురితో మెలగడంలో, సంభాషణలో తేడాలు), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం), నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బందులు), శరీర కదలికల పొందికలో లోపాలు, టిక్స్ (తనకు తెలియకుండా పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలు) వంటి వాటిని చేర్చింది. పైన చెప్పిన భారతీయ అధ్యయనం వీటిలో కొన్నింటితో పాటు వినికిడి లోపం, చూపు లోపం, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పడం)లను కూడా లెక్కలోకి తీసుకుంది. గ్రంథం ప్రకారం చూస్తే ఇది గీత దాటడమే కావచ్చు గానీ, పల్లెలో తిరిగే ఏఎన్‌ఎంకు అక్కరకొచ్చేది ఈ విశాలమైన జాబితాయే. రెండేళ్ల బిడ్డ పిలిస్తే పలకకపోతే అది చెవుడా, ఆటిజమా, బుద్ధిమాంద్యమా అన్నది ఆమె చూసి చెప్పగలిగేది కాదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. పలకడం లేదన్న సంగతి గమనించి, పంపవలసిన చోటికి పంపితే ఆమె వంతు పని పూర్తయినట్టే.

గర్భధారణ జరిగిన మూడో వారంలోనే, తల్లికి ఇంకా కడుపుతో ఉన్నట్టు కూడా తెలియని దశలో, పిండంలో నాడీ నాళం ఏర్పడటం మొదలవుతుంది. ఆ తర్వాత నెలల్లో నాడీకణాలు కోట్ల సంఖ్యలో పుట్టి, పుట్టిన చోటు వదిలి తాము చేరవలసిన పొరకు వలసపోయి, పక్క కణాలతో సంధానాలు ఏర్పరచుకుంటాయి. బిడ్డ పుట్టాక తొలి రెండు మూడేళ్లలో ఈ సంధానాలు అవసరానికి మించి పెరుగుతాయి. వాడుకలో ఉన్నవి బలపడుతూ, వాడనివి క్రమంగా తొలగిపోతూ ఉంటాయి. నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకోవడం వల్ల సంకేతాల వేగం పెరుగుతుంది. చూపు, వినికిడికి సంబంధించిన ప్రాంతాలు ముందుగా సిద్ధమైతే, నిగ్రహానికి, ప్రణాళికకు ఆధారమైన ముందు భాగం ఇరవై అయిదేళ్లు దగ్గరపడేదాకా మారుతూనే ఉంటుంది. ఏ దశలో, ఎక్కడ, ఎంత తేడా వచ్చిందన్న దాన్ని బట్టి పైకి కనిపించే లక్షణాలు మారిపోతాయి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు చిత్రాలను ఏళ్ల తరబడి పోల్చి చూసి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే వయసు మిగతా పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లయితే వీరిలో పదిన్నరేళ్లు. అంటే ఆ పిల్లల్లో ఎదుగుదల వరుస తప్పలేదు, ఆలస్యమైంది. తరగతిలో కుదురుగా కూర్చోలేని ఏడేళ్ల పిల్లవాడిని "కొవ్వెక్కి అల్లరి చేస్తున్నాడు" అనేవారు ఈ మూడేళ్ల తేడాను గుర్తుంచుకుంటే బాగుంటుంది.

రుగ్మతల మధ్య గీతలు ఎంత పలుచనివో జన్యుశాస్త్రం మరింత స్పష్టంగా చూపించింది. పదహారో క్రోమోజోమ్‌లో ఒక చిన్న భాగం లోపిస్తే ఒక బిడ్డలో అది ఆటిజంగా బయటపడుతుంది, మరొక బిడ్డలో బుద్ధిమాంద్యంగానో మాటల జాప్యంగానో కనిపిస్తుంది, ఇంకొకరిలో పెద్దగా ఏ ఇబ్బందీ ఉండదు. ఒకే ఇంట్లో ఒకే తేడాను పంచుకున్న తండ్రీకొడుకుల విషయంలో కూడా ఇలా జరగవచ్చు. కవలల అధ్యయనాలు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండింటిలోనూ వంశపారంపర్య ప్రభావం చాలా ఎక్కువని పదేపదే తేల్చాయి గానీ, ఒక జన్యువు ఒక జబ్బును తెచ్చిపెడుతుందన్న సరళమైన లెక్క ఇక్కడ కుదరదు. వందల జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపుతాయి.

గ్రంథాల్లోని వర్గీకరణ కూడా ఎప్పటికప్పుడు మారుతూ వచ్చింది. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజానికి వైద్యంలో ఒక స్థానం దొరికింది. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనే వైద్యుడు చేసిన వర్ణన చాలాకాలం తర్వాత ఆయన పేరుతోనే మరో వర్గంగా స్థిరపడింది. 2013లో డీఎస్ఎం-5 ఆ వర్గాన్ని తీసేసి అన్నింటినీ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే విశాలమైన వర్గంలో కలిపేసింది. అంతకు ముందు ఆ గ్రంథపు పాత కూర్పు ఆటిజం ఉన్న బిడ్డకు ఏడీహెచ్‌డీ కూడా ఉందని నిర్ధారించడానికి ఒప్పుకునేది కాదు. 2013 నుంచి ఒప్పుకుంటోంది. ఆ మధ్యకాలంలో పిల్లల మెదళ్లు మారలేదు, నియమం మారింది. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆటిజం 2000 నాటి లెక్కల్లో 150 మందికి ఒకరుగా ఉండి 2022 నాటికి 31 మందికి ఒకరుగా నమోదు కావడంలో నిర్వచనం వెడల్పు కావడానికి, అవగాహన పెరగడానికి, ఆడపిల్లల్లోనూ తక్కువ తీవ్రత ఉన్నవారిలోనూ గుర్తించడం మొదలుకావడానికి పెద్ద పాత్రే ఉంది. ఈ అంకెలను పట్టుకుని "మహమ్మారి" అంటూ భయపెట్టే వార్తలు ఈ సంగతి దాటవేస్తాయి.

ఇన్ని మార్పులకు లోనైన పేర్లను పక్కన పెట్టి, బిడ్డ చేసే పనులను చూస్తే విషయం చాలా తేలికపడుతుంది. రెండు నెలలకు మనిషి ముఖం చూసి నవ్వడం, నాలుగు నెలలకు మెడ నిలవడం, ఎనిమిది తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవడం, ఏడాదికల్లా పేరుతో పిలిస్తే తిరిగి చూడటం, ఏడాది దాటాక చందమామనో కుక్కపిల్లనో వేలితో చూపించి పక్కనున్నవారి ముఖంలోకి చూడటం, పదహారు నెలలకు కొన్ని విడిమాటలు, రెండేళ్లకు "అమ్మా పాలు" వంటి రెండు మాటల కలయిక. వీటిలో నాలుగైదు వారాల అటూ ఇటూ తేడాకు కంగారు పడనక్కర్లేదు. అయితే ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోవడం, వచ్చిన పని మరచిపోవడం జరిగితే ఒక్క వారం కూడా ఆగకూడదు.

వేలితో చూపించడం చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆటిజాన్ని తొలిదశలో పసిగట్టడానికి మాటల కంటే అదే ఎక్కువ సమాచారం ఇస్తుంది. అందని బిస్కెట్ కోసం చెయ్యి చాపడం వేరు, ఆకాశంలో విమానాన్ని చూపించి "నువ్వూ చూడు" అన్నట్టు అమ్మ వైపు తిరగడం వేరు. రెండో దానిలో ఎదుటి మనిషి దృష్టిని తన దృష్టితో కలుపుకోవాలన్న కోరిక ఉంది, భాషకు పునాది అక్కడే పడుతుంది. మాటలు ఆలస్యమైనా చూపిస్తూ, సైగలు చేస్తూ, అనుకరిస్తూ ఆడుకునే బిడ్డ పరిస్థితి ఒకటి. పది పాటలు బట్టీపట్టి పాడుతూ దాహమేస్తే నీళ్లు అడగలేని బిడ్డ పరిస్థితి మరొకటి. రెండో బిడ్డను "మాటలు వచ్చాయి కదా" అని వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు.

మాటలు ఆలస్యమైన బిడ్డకు వస నాకించడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే", "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు" అన్న ఓదార్పులూ అంతే పాతవి. ఈ ఓదార్పును మూర్ఖత్వంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. రెండేళ్లకు మాటల్లో వెనకబడిన పిల్లల్లో, వేరే ఇబ్బందులు లేనివారిలో, సగం మందికి పైగా బడి వయసుకల్లా తోటివారిని అందుకుంటారు. కాబట్టి "ఆగి చూద్దాం" అన్నవారి మాట చాలాసార్లు నిజమై తీరుతుంది, అందుకే అది ఇంతకాలం నిలిచింది. చిక్కల్లా ఏమిటంటే, అందుకునే సగం ఎవరో, అందుకోని సగం ఎవరో రెండేళ్ల వయసులో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పైగా వినికిడి పరీక్ష చేయించడానికి ఎదురుచూడవలసిన కారణమే లేదు. నిద్రలో ఉన్న బిడ్డకు నొప్పి లేకుండా చేసే బెరా పరీక్షతో చెవి నుంచి మెదడు దాకా శబ్దం చేరుతోందో లేదో తెలిసిపోతుంది. పుట్టు చెవుడు ఉన్న బిడ్డకు సకాలంలో శ్రవణ యంత్రం గానీ కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో చెవి లోపల పెట్టే పరికరం) గానీ అమరిస్తే మాట వస్తుంది, నాలుగేళ్ల ఓదార్పు తర్వాత అమరిస్తే అంత బాగా రాదు.

టీకాల మీద నింద ఇంకా వినిపిస్తూనే ఉంది. బ్రిటిష్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో పన్నెండు మంది పిల్లల ఆధారంగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను ఆటిజంతో ముడిపెట్టిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన వైద్య గుర్తింపు రద్దయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. తల్లి ప్రేమ చాలకపోవడమే ఆటిజానికి కారణమన్న వాదన అంతకంటే ముందుది. 1960లలో అమెరికాలో బలంగా నాటుకుని, ఎందరో తల్లులను కుంగదీసి, చివరికి ఆధారాల ముందు నిలవలేక పోయింది. మన ఇళ్లలో దాని నీడ ఇంకా ఉంది. ఉద్యోగానికి వెళ్లే తల్లిని, ఫోను చేతికిచ్చిన తల్లిని నిందించే రూపంలో అది కనిపిస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు తెరలు చూపించకూడదన్న సలహా సరైనదే. తెర ముందు గడిచిన గంటలు మాటామంతీకి దక్కాల్సిన సమయాన్ని తినేస్తాయి. అయితే తెరల వల్ల వచ్చే ఆటిజమంటూ ప్రచారంలో ఉన్న "వర్చువల్ ఆటిజం" అన్న పేరు ఏ ప్రామాణిక గ్రంథంలోనూ లేదు. ఫోను తీసేసిన నెలకు బిడ్డ కాస్త మెరుగుపడితే సంతోషించవచ్చు గానీ, పరీక్షలు మానుకోవడానికి అది కారణం కారాదు.

నిజమైన కారణాల్లో ఎన్నో నివారించదగ్గవి, అవి వార్తల్లోకి రావు. 2018 అధ్యయనంలో ఇంటి దగ్గర కాన్పు, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నవజాత శిశు దశలో జబ్బు పడటం, మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్లు, వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడం, తక్కువ బరువుతో లేదా నెలలు నిండకుండా పుట్టడం ఈ రుగ్మతలతో ముడిపడి ఉన్నట్టు తేలింది. "పుట్టగానే ఏడవలేదు", "కామెర్లు ముదిరాయి", "అద్దాల పెట్టెలో పెట్టారు" అని తల్లి చెప్పే మూడు ముక్కలూ డాక్టరుకు ఎంతో విలువైన చరిత్ర. పుట్టుకతో థైరాయిడ్ హార్మోను లోపించడం దాదాపు వెయ్యి జననాలకు ఒకటి చొప్పున మన దేశంలో కనిపిస్తుంది. పుట్టిన కొద్దిరోజులకే మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో దాన్ని పట్టుకుని, మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే ఆ కారణంగా వచ్చే బుద్ధిమాంద్యాన్ని దాదాపుగా తప్పించవచ్చు. మాత్ర చవక, పరీక్షా ఖరీదైనది కాదు. అయినా పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష అందడం లేదు. ఈ రంగంలో ఇంతకు మించిన నిర్లక్ష్యం మరొకటి లేదు.

మేనరికాల సంగతి తెలుగునాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశంలో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే ప్రాంతాల్లో దక్షిణాది రాష్ట్రాలు ముందుంటాయి. మేనత్త మేనమామ బిడ్డల మధ్య పెళ్లి జరిగితే వారి సంతానంలో ఒకే పూర్వీకుల నుంచి ఒకే జన్యుభాగం రెండు వైపులా వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు, మేనమామ మేనకోడళ్ల మధ్య జరిగితే ఎనిమిదింట ఒక వంతు. దాగి ఉన్న లోపం రెండు వైపులా కలిసినప్పుడే బయటపడే జబ్బులకు, పుట్టు చెవుడుకు, కొన్ని రకాల బుద్ధిమాంద్యాలకు ఇది దారి ఇస్తుంది. అలాగని మేనరికం చేసుకున్న ప్రతి జంటకూ ఇబ్బంది కలుగుతుందని కాదు. ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు సమస్య ఉంటే మాత్రం రెండో కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవాలి, అప్పుడు రుగ్మత పేరు, వీలైతే దాని జన్యు కారణం తెలిసి ఉండటం నిజంగా అవసరమవుతుంది.

అభ్యసన వైకల్యాల విషయం కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే వాటి గురించి ప్రచారంలో ఉన్న వర్ణన చాలావరకు ఇంగ్లిష్ చదివే పిల్లలది. ఇంగ్లిష్‌లో ఇరవై ఆరు అక్షరాలే, కానీ ఒక్కో అక్షరం ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతుంది. అందువల్ల డిస్లెక్సియా (చదవడంలో వచ్చే అభ్యసన వైకల్యం) ఉన్న బిడ్డ తప్పులు కుప్పలుగా చదువుతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం. పలుకుబడి దగ్గర మోసం లేదు, భారమంతా రూపాల సంఖ్యలో ఉంది. యాభై పైచిలుకు అక్షరాలు, వాటికి గుణింతాలు, ఆపై ఒత్తులు కలిసి వందల రూపాలవుతాయి. ఘ, ఝ, ప, ష, బ, భ వంటి జంటల మధ్య తేడా ఒక చిన్న గీతలోనో వంపులోనో ఉంటుంది. "స్త్రీ" అన్న మాటలో గుడి దీర్ఘం పైనున్న సకారానికి తగిలి ఉంటుంది గానీ పలికేది కిందున్న రెండు ఒత్తుల తర్వాత. కంటికి కనిపించే వరుస, నోటికి వచ్చే వరుస ఒకటి కావు. ఇలాంటి లిపిలో డిస్లెక్సియా తప్పుల కంటే నెమ్మదితనంగా ఎక్కువగా బయటపడుతుంది. నాలుగో తరగతి పిల్లవాడు ప్రతి అక్షరం సరిగ్గానే కూడబలుక్కుంటాడు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాడు. తప్పులు లెక్కపెట్టే టీచరుకు అతడిలో లోపం కనిపించదు, "బద్ధకం" కనిపిస్తుంది. వేగాన్ని, ఒత్తుల మాటలను, అర్థం చేసుకోవడాన్ని విడివిడిగా కొలిచే తెలుగు పరీక్షలు బడి స్థాయిలో వాడుకలోకి వస్తే తప్ప ఈ పిల్లలు లెక్కలోకి రారు.

ఇంటి భాష తెలుగై, ఒకటో తరగతి నుంచి పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్న పిల్లల విషయంలో చిక్కు మరింత ముదురుతుంది. అర్థం కాని భాషలో చదవలేకపోవడం వైకల్యం కాదు. అందుకే డీఎస్ఎం-5 నిర్వచనంలో ఒక షరతు ఉంది. ప్రత్యేకంగా సాయం అందించాక కూడా కనీసం ఆరు నెలల పాటు ఇబ్బంది కొనసాగితేనే అభ్యసన వైకల్యమని అనాలి. అంటే నిర్ధారణ కంటే ముందు సాయం జరగాలని నిర్వచనమే చెబుతోంది. ఏడీహెచ్‌డీలోనూ ఇలాంటిదే ఉంది. లక్షణాలు పన్నెండేళ్ల లోపు మొదలై, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించి, ఆరు నెలలు కొనసాగాలి. ఆరేళ్లలోపు పిల్లలకు మందుల కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. ఆ శిక్షణకు నిర్ధారణ పత్రం అక్కర్లేదు. పెద్ద పిల్లల్లో సరైన పర్యవేక్షణలో ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు బాగా పనిచేస్తాయని ఆధారాలున్నాయి. వాటి పట్ల ఉన్న భయం చాలావరకు వినికిడి కబుర్ల వల్ల వచ్చింది. ఆడపిల్లల సంగతి వేరు. గంతులు వేయని, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునే అమ్మాయిని ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు.

ఆటిజంలో కూడా తొలి సాయం నిపుణుల గదుల్లోనే జరగాలన్న నియమం లేదు. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిగి 2016లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, నిపుణులు కాని సాధారణ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా తల్లిదండ్రులకు బిడ్డ సంకేతాలను గమనించి బదులివ్వడం నేర్పించారు. తల్లిదండ్రులు బిడ్డకు స్పందించే తీరు మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. చిన్న ప్రయోగమే, అద్భుతాలేమీ జరగలేదు. అయినా గంటకు ఇంతని వసూలు చేసే థెరపీ సెంటర్ తప్ప దిక్కులేదని నమ్మే కుటుంబాలకు ఆ ఫలితం తెలియడం మంచిది. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ అవసరమే. వారానికి మూడు గంటలు అక్కడ గడిచినా, మిగతా మేలుకొని ఉన్న వేళంతా బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. ఆటిజానికి మూలకణ చికిత్స పేరుతో లక్షలు గుంజే ప్రకటనల విషయంలో మాత్రం మొహమాటం అక్కర్లేదు. దాన్ని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చి చెప్పింది.

బిడ్డకు మాటలు ఆలస్యమైతే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్న సలహా అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తరచుగా ఎదురవుతుంది. హైదరాబాద్, విశాఖపట్నాల్లోనూ వినిపిస్తుంది. రెండు భాషల వాతావరణం వల్ల ఆటిజం ఉన్న పిల్లల్లో జాప్యం పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. తల్లి తనకు సహజంగా రాని భాషలో మాట్లాడటం మొదలుపెడితే జోలపాట, వేళాకోళం, బుజ్జగింపు అన్నీ పలచబడతాయి, అమ్మమ్మ తాతయ్యలతో మాట పూర్తిగా తెగిపోతుంది. మాట తక్కువైన బిడ్డ చుట్టూ మాటను ఇంకా తగ్గించడం ఏ లెక్కన చూసినా తప్పు సలహాయే.

ఇక వ్యవస్థ. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 1995 చట్టంలోని ఏడు వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కొత్తగా చేరాయి. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో లేదు. నలభై శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటేనే ప్రధాన ప్రయోజనాలు దక్కుతాయి. తెలుగు రాష్ట్రాల్లో దీనికి దారి సదరం క్యాంపు, అంటే వైకల్యాన్ని పరీక్షించి శాతం తేల్చే ప్రభుత్వ శిబిరం. కాలు లేకపోవడాన్ని శాతాల్లో చెప్పడం కొంతవరకు కుదురుతుంది గానీ, కొత్త చోటికి వెళ్తే గంటసేపు చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డ ఇబ్బందిని క్యాంపులో ఇచ్చిన పది నిమిషాల్లో శాతంగా మార్చడం ఎవరి తరమూ కాదు. అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. ఆ వయసు దాకా నిర్ధారణ కష్టమన్న మాట నిజమే కాబట్టి ఆ నియమాన్ని తప్పుపట్టలేం. తప్పల్లా ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా ఆ బిడ్డకు ఏ సాయమూ అందకుండా ఉండిపోవడంలో ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలు, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ), జిల్లా కేంద్రాల్లోని సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నమాట నిజం. వీటి తలుపు తట్టడానికి ధ్రువపత్రం చేతిలో ఉండాలన్న అపోహ చాలా కుటుంబాల్లో ఉంది.

పేరుకు విలువ లేదని దీని అర్థం కాదు. పరీక్షల్లో అదనపు సమయానికి, రాసిపెట్టే సహాయకుడికి, పింఛనుకు, పద్దెనిమిదేళ్లు దాటాక నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడి నియామకానికి పేరు కావాలి. తనను తాను మొద్దు అనుకుంటూ పెరిగిన పిల్లవాడికి "ఇది డిస్లెక్సియా" అని తెలియడమే సగం ఊరట. పేరు కోసం వెళ్లే దారి ఒకటి, సాయం కోసం వెళ్లే దారి ఒకటి, రెండూ ఒకే రోజు మొదలుకావాలి. మొదటిది చట్టానికి, జన్యు సలహాకు, పెద్దయ్యాక తనను తాను అర్థం చేసుకోవడానికి. రెండోదానికి కావలసిందల్లా బిడ్డకు ఫలానా పని ఇంకా రాలేదన్న ఒక్క గమనిక.

ఆ గమనిక ఎక్కడ జారిపోతోందో వెతికితే ఒక ఖాళీ కనిపిస్తుంది. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి తొలి ఆరు వారాల్లో చాలాసార్లు వెళ్తుంది. ఆ తర్వాత 2018 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లో మళ్లీ వెళ్లాలి. అక్కడితో ఆ సందర్శనలు ముగుస్తాయి. పిల్లవాడు అంగన్‌వాడీకి రోజూ వచ్చి కూర్చునేది మూడేళ్లకు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తాయి గానీ, ఆ రోజు అక్కడ ఉన్న పిల్లలనే అవి చూడగలవు. మాటలు రాకపోవడం, వేలితో చూపించకపోవడం బయటపడే వయసు సరిగ్గా పదిహేను నెలలకూ మూడేళ్లకూ మధ్యది.

ఆ ఖాళీలో ప్రభుత్వ వ్యవస్థ ముందుకు దాదాపు ప్రతి బిడ్డా తప్పనిసరిగా వచ్చే సందర్భం ఒకటుంది. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేసే తట్టు రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడే వయసు, ఈ టీకా వయసు ఒకటే కావడం వల్లనే టీకా మీద అపవాదు అంత తేలిగ్గా అంటుకుంది. అదే కలయికను బిడ్డకు మేలు చేసేలా వాడుకోవచ్చు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల బొమ్మలు ఇప్పటికే ముద్రించి ఉన్నాయి. సూది వేసే ముందు ఏఎన్‌ఎం ఆ పేజీ తెరిచి, పిలిస్తే చూస్తాడా, వేలితో చూపిస్తాడా, ఎన్ని మాటలు వచ్చాయి, వచ్చిన మాటలేమైనా పోయాయా అని నాలుగు ప్రశ్నలు అడిగి, "లేదు" అన్న జవాబు వచ్చిన బిడ్డను అదే వారం వినికిడి పరీక్షకు, జిల్లా కేంద్రానికి పంపితే, కొత్త పథకమో కొత్త ఉద్యోగమో అక్కర్లేకుండానే చాలామంది పిల్లలకు ఏడాదీ రెండేళ్లూ కలిసివస్తాయి.